బోయీలకు మొగాలు లేవు

మా పెద్దపంజాణి పిల్లలచేత పొల్లిలూరు యుద్ధానికి (1780 సెప్టెంబరు 10) మట్టి నమూనా చేయించాను. ఆధారం శ్రీరంగపట్నం దరియా దౌలత్ కుడ్యచిత్రం. గాయపడి పల్లకీలో కూర్చున్న కర్నల్ బెయిలీ, పేలిపోతున్న మందుగుండు బండి అన్నీ కుదిరాయి. చూసినవాళ్లు మెచ్చుకున్నారు.

ఆ చిత్రం వేయించింది విజేత. గెలుపును చూపడమే దాని పని; ఆ పని అద్భుతంగా చేసింది. దానికి నకలు తీయడంతో తృప్తిపడటం నా లోపం. బెయిలీ దళం గుంటూరు నుంచి నడిచివచ్చింది. అందులో అధికసంఖ్యాకులు కుంఫిణీ జీతానికి తుపాకి పట్టిన దేశీయ సిపాయిలు. వాళ్లెక్కడ? ఎడ్లు తోలినవాళ్లు, మూటలు మోసినవాళ్లు ఎక్కడ? హైదరు పక్షాన్నీ ఇదే ప్రశ్న అడగాలి. (మన చారిత్రక నవలల్లో చాలావాటి జబ్బూ ఇదే.)

తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది: "ఏం సార్, బోయీలకు మొగాలు పెట్టలేదే?"

కర్నల్ టోపీకి ఒక సాయంత్రమంతా వెచ్చించాం. పల్లకీ మోసేవాళ్లకు చిటికెడేసి మట్టి ఉండచుట్టి అతికించాం. పిల్లల తప్పు కాదు, చెప్పినవాడిది. చెరువుమట్టి మళ్లీ తెప్పించాను. ఈసారి ముందు బోయీలు, తర్వాత కర్నల్.