ప్రవాసాంధ్ర శబ్దము: ఒక పునర్విచారము

మన సాహిత్యచరిత్రలందును సభాప్రసంగములందును "ప్రవాసాంధ్రులు" అను మాట చిరకాలముగా వాడుకలో నున్నది. తెలుగుదేశమును విడిచి అన్యదేశములందు వసించు తెలుగువారందరును ఈ యొక్క మాటక్రిందనే చేర్చబడుచున్నారు. రంగూను రేవులో మూటలు మోయుటకై ఓడనెక్కిన కూలియు, అతనికి రంగూనులో పుట్టి ఆ వీథులలో బర్మాభాష మాటాడుచు పెరిగిన కుమారుడును మన విమర్శకులకు ఒక్క తీరుననే ప్రవాసులు. తండ్రి విషయమున ఈ పేరు యుక్తమే. కుమారుని విషయమున యుక్తమగునా? అల్లరులు చెలరేగి, "నీ దేశమునకు నీవు పొమ్ము" అని ఇరుగుపొరుగువారే ఆ కుమారుని తరుమునాడు ఈ పేరు ఎవరి పక్షమున నిలుచును? ఈ ప్రశ్న తగినంతగా విచారింపబడలేదని మాకు తోచుచున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట వ్రాసిన యొక వ్యాసమునందు మేమును ఈ పదమును విచక్షణ లేకయే వాడితిమి. కావున ఈ దోషమునందు మా పాలును కలదు.

ముందుగా శబ్దార్థమును చూతము. ప్రవాసము ఆలంకారికులకు చిరపరిచితమైన పదము. విశ్వనాథుడు సాహిత్యదర్పణమున విప్రలంభ శృంగారమును పూర్వరాగ, మాన, ప్రవాస, కరుణభేదములచే నాలుగు విధములుగా విభజించినాడు. నాయకుడు దేశాంతరగతుడగుట ప్రవాసము. దానికి కారణములు మూడు: కార్యము, శాపము, సంభ్రమము. ధనంజయుని దశరూపకమునందును ఈ మూడే చెప్పబడినవి. సంభ్రమమనగా ఉత్పాతము, పరచక్రభయము మొదలగువానిచే కలుగు కలవరము. కూలికై ఓడనెక్కుట కార్యము. అల్లరులకు వెరచి పరుగిడుట సంభ్రమము. లక్షణకర్తలు ఇంతవరకు ఊహింపగలిగిరి. కాని వారి ప్రవాసమునకు ఒక నియమము కలదు. వెడలినవానికి వెనుక ఒక ఇల్లును, ఆ ఇంట ఎదురుచూచు మనిషియు ఉండవలెను. పునస్సమాగమముపై ఆశ ఉన్నంతవరకే అది శృంగారము. ఆశ నశించినచో కరుణము. మేఘసందేశమునందలి యక్షునికి ఏడాది గడువు కలదు, అలకాపురమున ఇల్లు కలదు. రామగిరిలో పుట్టిన బిడ్డ ఆ యక్షునికి ఉండినచో ఆ బిడ్డకు అలక ఏమగునో ఏ లక్షణగ్రంథమును చెప్పలేదు.

లోకవ్యవహారమునందును ఇట్లే. మా ఊరగు కలిగిరి నెల్లూరు జిల్లా పడమటి భాగమున, ఉదయగిరి ఆత్మకూరుల నడుమ నున్న మెట్టసీమలోనిది. వానలు కురియని యేడు ఇచ్చటి కూలిజనము నాట్లకును కోతలకును పెన్న దిగువనున్న డెల్టాకు పోవుట పరిపాటి. పని ముగియగనే గింజలమూటతో మరలివచ్చెదరు. ఇది నిజమైన ప్రవాసము. అట్లుపోయినవారిలో కొందరు అచ్చటనే నిలిచిపోయిరి. వారి బిడ్డలు డెల్టావారే. వారిని చూచి "పాపము, ప్రవాసులు" అని కలిగిరిలో ఎవరును నిట్టూర్చరు. సముద్రము అడ్డమైనంతమాత్రమున ఈ వివేకము మనకు లోపించుచున్నది.

ఇక బర్మా సంగతి. ఉత్తరకోస్తా జిల్లాల పల్లెలలో రంగూనును "రంగం" అందురు. "రంగము పోయినాడు" అనునది ఒకనాడు ఇంటింటి మాట. కాకినాడ, విశాఖపట్టణము మున్నగు రేవులనుండి వేలకొలది జనులు అచ్చటికి పోయిరి. బర్మాలో వారికి కలిగిన పేరు కోరంగి. గోదావరి ముఖమునందలి కోరంగి రేవు 1839 నాటి తుఫానుచే దెబ్బతిని క్రమముగా క్షీణించినది. రేవు పోయినను పేరు మాత్రము మిగిలి, ఆ రేవును కన్నులజూడని మనుజులకు అంటినది. 1931 నాటి జనాభాలెక్కలలో రంగూను నగరవాసులలో సగమునకు మించి భారతీయులే. వారిలో బర్మాలోనే పుట్టినవారును పెక్కుమంది కలరు.

1930 మే నెలలో రేవునందలి తెలుగుకూలీలు వేతనములు పెంపుమని సమ్మెకట్టిరి. ఓడసరకుల గుత్తదారులు వారి స్థానమున బర్మాకూలీలను పెట్టుకొనిరి. పిదప తెలుగువారితో సమాధానపడి, మే 26న పనికి వచ్చిన బర్మావారిని అక్కరలేదు పొమ్మనిరి. రేవుకడ రేగిన నవ్వులు, నిందలు, నిమిషములలో కొట్లాటయై నగరమంతట వ్యాపించినవి. నూరుమందికి పైగా మరణించిరి. మృతులలో అధికసంఖ్యాకులు తెలుగుకూలీలు. ఇచ్చట విమర్శకుడు గమనింపవలసినది ఒకటి కలదు. తగవునకు మూలము గుత్తదారుని లెక్క. ఇరుపక్షములవారును కూలివారే. కాని కొట్టునప్పుడు వాడబడిన లక్షణము కూలి కాదు, కోరంగి. నిన్న మొన్న ఓడదిగినవాడెవడో, అచ్చటనే బొడ్డుకోయించుకొన్నవాడెవడో ఆ గుంపునకు అవసరములేకపోయినది. మన "ప్రవాసాంధ్ర" శబ్దమునకును ఆ భేదముతో పనిలేదు. గుంపు ద్వేషముతో చేసిన సమీకరణమును మనము వాత్సల్యముతో చేయుచున్నాము. వాత్సల్యము ద్వేషము కాదని మేము ఎరుగుదుము. కాని రెంటి వ్యాకరణము ఒక్కటే.

చరిత్రయందు మరియొక చిక్కు కలదు. 1930లో బర్మా భారతదేశమునుండి వేరుపడలేదు. 1937 ఏప్రిల్ 1న వేరుపడినది. రంగూనులో 1930లో పుట్టిన తెలుగుశిశువు అన్యదేశమున పుట్టలేదు. అతడు తొట్టిల దిగి బడికి పోవునాటికి, అతడు కదలకయే దేశము కదలినది. 1942లో రంగూను జపానువారి వశమగుటకు ముందు వెనుకల సుమారు నాలుగైదు లక్షలమంది భారతీయులు అడవులగుండ, కొండలగుండ భారతభూమికి నడచిరి. త్రోవలో చనిపోయినవారు వేలకువేలు. వీరినిగూర్చి మనవారు వ్రాయునపుడెల్ల "స్వదేశమునకు తిరిగివచ్చిరి" అందురు. పండ్రెండేండ్ల ఆ బాలుడు తిరిగివచ్చెననుట ఎట్లు పొసగును? తిరిగివచ్చుటకు ముందు పోవుట కావలెను గదా! అతడు వచ్చెను, అంతే. ఒక క్రియకు చేర్చిన చిన్నమాట అతని బాల్యమునంతటిని తుడిచివేయుచున్నది.

స్వతంత్రబర్మాలో ఈ కథ మరల నడచినది. 1962లో సైన్యము అధికారమును చేపట్టినది. పిమ్మట వర్తకములు జాతీయములైనవి. 1964లో పెద్ద నోట్లు రద్దయినవి. లక్షలాది భారతీయులు ఓడలనెక్కిరి. వారిలో తెలుగువారు విశాఖపట్టణము మొదలగు తావుల స్థిరపడిరి. విశాఖలో బర్మా క్యాంపు అను పేరు నేటికిని నిలిచియున్నది. చెన్నపురిలో బర్మా బజారు కలదు. అచ్చట కోరంగులు, ఇచ్చట బర్మావారు! ఒక్క మనిషికి రెండు తీరములందును ఎదుటితీరపు పేరే దక్కినది. ఇచ్చటివారు ఆ పేరు ద్వేషముచే పెట్టలేదు, ఊరక పిలిచిరి. అయినను ఆ పిలుపును విన్న బిడ్డకు కలిగిన సందేహమును మన కథకులు మరింత లోతుగా చూచియుండవలసినది. అచ్చటనే నిలిచిపోయినవారి స్థితి వేరు. 1982 నాటి బర్మా పౌరసత్వశాసనము 1823కు పూర్వము ఆ దేశమున స్థిరపడిన జాతులనే సహజపౌరులుగా గణించినది. ముత్తాత 1880లో ఓడదిగినవాడైనచో, నాలుగు తరములు అచ్చటనే పుట్టి మట్టిలో కలిసినను, ఆ గీటు దాటుట వారసులకు సులభము కాదు.

"గీత కదలుట బర్మాకు మాత్రమే చెల్లు" అని ఎవరైన అందురేమో. మన జిల్లాకు పేరిచ్చిన మహనీయునే తలచుకొందము. పొట్టి శ్రీరాములుగారు 1901లో మద్రాసున జన్మించిరి. వారి పూర్వుల గ్రామము పడమటిపల్లె, నాటి నెల్లూరు జిల్లా కనిగిరి తాలూకాలోనిది. అనగా మావంటి మెట్టసీమనుండి పట్టణమునకు పోయిన కుటుంబపు బిడ్డ. 1952 డిసెంబరు 15న వారు అదే పట్టణమున నిరశనవ్రతముతో ప్రాణములు విడిచిరి. అల్లరులు, కాల్పులు ఆంధ్రప్రాంతమంతట చెలరేగినవి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది, మద్రాసు లేకుండ. శ్రీరాములుగారిని ప్రవాసాంధ్రుడని ఎవరును అనలేదు, అనరు. కాని వారు పుట్టిన వీథిలోనే 1954లో పుట్టిన తెలుగుబిడ్డను మన పట్టికలు "రాష్ట్రేతరాంధ్రుడు" అని వ్రాసికొన్నవి. ఇద్దరి నడుమ మారినది వీథి కాదు, భాష కాదు, గీత మాత్రమే.

నెటాలు దేశపు వృత్తాంతము మరియొక విధముగా బోధకమైనది. 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసునుండి డర్బను చేరినది. ఆ ఓడల పట్టికలలో కూలివాని పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిపై గల పుట్టుమచ్చలు వ్రాయబడినవి. పుట్టుమచ్చకు గడి కలదు గాని ఇంటిపేరునకు గడి లేదు. కావుననే నేడు దక్షిణాఫ్రికా తెలుగువారిలో నాయుడు, రెడ్డి మున్నగు కులబిరుదములో, ఓడదిగిన పూర్వుని పేరో వంశనామములై నిలిచినవి. 1927 నాటి కేప్‌టౌన్ ఒడంబడిక పిదప, ప్రభుత్వమిచ్చు కొంత సొమ్ము పుచ్చుకొని అనేకులు భారతదేశమునకు వచ్చిరి. వారిలో నెటాలులోనే పుట్టినవారును ఉండిరి. వారి దురవస్థను విచారించి భవానీదయాళ సన్న్యాసి, బనారసీదాస చతుర్వేదులు 1931లో ఒక నివేదికను ప్రకటించిరి. స్వదేశమని పంపబడినచోట ఆ బిడ్డలకు పరదేశులైన దుఃఖమే కలిగినది. ఇట్టి చరిత్ర యెదుటనుండగా 1949 జనవరిలో డర్బనునందు ఆఫ్రికను, భారతీయ జనుల నడుమ అల్లరులు రేగి 142 మంది మరణించిరి. వారిలో ఆఫ్రికనులు 87, భారతీయులు 50. మృతులలో హెచ్చుపాలు ఆఫ్రికనులే యను సంగతి మన వ్రాతలలో తరచుగా జారిపోవుచుండును. తమవారి గాయమును మాత్రమే లెక్కించు విమర్శ ఆ దేశపు బిడ్డకు ఉపకరింపదు. అతడు ఆ యిరువురి నడుమనే బ్రదుకవలసినవాడు. అచ్చటి ప్రభుత్వము భారతీయులను ఆ దేశపు శాశ్వతప్రజగా అంగీకరించుటకు 1961 రావలసివచ్చినది. ట్రూరో వచ్చిన నూటొకటవ యేడు!

ఫిజీనిగూర్చి ఒక్కమాట చాలును. తొలి కూలియోడ 1879 మే 14న చేరినది. 1987 మే 14న తొలి సైనికవిప్లవము జరిగినది. నూటెనిమిదేండ్లు గడచినను కూలివాని మునిమనుమడు అతిథిగనే లెక్కింపబడెను.

మన ప్రాచీనకావ్యములు ఈ విషయమున మనకంటె ఉదారములని మా తలంపు. నన్నయభట్టారకుని శకుంతలోపాఖ్యానమున భరతుడు కణ్వాశ్రమమున పుట్టినవాడు. తండ్రి నగరమును ఎరుగడు. తల్లి వానిని కొలువునకు కొనిరాగా, రాజు ఎరిగియుండియు లోకాపవాదభీతిచే ఎరుగనన్నాడు. చివరకు ఆకాశవాణి సాక్ష్యము పలుకవలసివచ్చినది. బిడ్డ పుట్టుకను రాజసభలో ఋజువు చేయవలసినవారు తల్లులే యగుట ఆనాటిమాట మాత్రమే కాదు. అయినను మన దేశమునకు కలిగిన పేరు ఆ బిడ్డనిదే. అడవిలో పుట్టినందున అతడు ప్రవాసియని ఏ కవియు అనలేదు. కంకంటి పాపరాజు ఉత్తరరామాయణమందలి కుశలవులును ఇట్టివారే. ప్రవాసదుఃఖము సీతది, ఆ పిల్లలకు వాల్మీకి యాశ్రమమే పుట్టినిల్లు.

"ఈ పదమును విడిచినచో వారికిని మనకును గల బంధమేమగును?" అని మిత్రుడొకడు మమ్మడిగినాడు. ప్రశ్న న్యాయమైనది. 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూరున జరిగినవి. పండ్రెండేండ్లకు ముందు, 1969 మే 13న, ఘోరమైన జాతికలహములు చూచిన నగరమది. ఆ సభలలో ఆతిథ్యమిచ్చినవారు మలేషియా తెలుగువారు, అతిథులము మనము. బంధమునకు ఆ వరుస చాలును. నేడు కలిగిరి, ఆత్మకూరు ప్రాంతములనుండి అమెరికా పోయిన యువకులు కలరు. వారి బిడ్డలు అచ్చట పుట్టుచున్నారు. 2025 జనవరి 20న అట్టి బిడ్డల జన్మపౌరసత్వమును నిరాకరించు ఉత్తరువుపై ఆ దేశాధ్యక్షుడు సంతకము చేసినపుడు, న్యాయస్థానములు దానిని ఆపినవి గాని, ఇచ్చటి తాతలు నానమ్మలు కలవరపడిరి. ఆ కలవరము నడుమ "మనవాడే గదా, వచ్చివేయనిండు" అని ఓదార్చినవారును కలరు. ఆ యోదార్పు ఉత్తరువు చెప్పినదానినే మరల చెప్పినదని వారు గమనింపలేదు.

బంధమును తెలుపుటకు మన భాషయందు ప్రవాసమునకంటె మంచి సాధనము ముందునుండియు కలదు. అది ఇంటిపేరు. తెలుగువారి యింటిపేర్లలో అనేకము గ్రామనామములు. ఉదయగిరివారు నెల్లూరులో ఉందురు, కనిగిరివారు కడపలో ఉందురు. పూర్వుల ఊరు పేరులో నిలుచును. మనిషి ఉన్న ఊరివాడగును. ఓడపట్టికలో గడిలేక జారిపోయినది ఇదియే. రంగూనులోనో డర్బనులోనో పుట్టిన తెలుగుబిడ్డను మనము ఈ రీతిగనే తలచుట యుక్తము. మా యింటిపేరునందును ఒక గ్రామము కలదు. అది ఎచ్చటనున్నదో మేమెరుగము, మా తాతగారును ఎరుగరు. కలిగిరిలో ఎవరును మమ్ము అచ్చటికి పొమ్మని ఇంతవరకు అనలేదు.