నడిమి మాట వినే గీత

ఆనందపురం నుంచి అనకాపల్లి పోయే ఆరు వరుసల రహదారి సబ్బవరం మీదుగానే వెళుతుంది. సముద్రం వైపు విశాఖ రేవు, ఉక్కు కర్మాగారం. గాలిలో దుమ్ము సంగతి ఇక్కడ డాబా మీద బట్టలారేసే ప్రతి ఇంటికీ తెలుసు. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో విశాఖపట్నం ఉంది. నగరంలోని కొలత కేంద్రం నుంచి రోజూ అంకెలు వస్తాయి. ఆ అంకెల్ని నమ్మదగిన గీతగా మలచడంలో ఒక పనితనం ఉంది. దాని పేరు రోలింగ్ మీడియన్. బడి పుస్తకాల మాటలో చెప్పాలంటే కదిలే మధ్యగతం.

ఉదాహరణకు ఏడు రోజుల దుమ్ము అంకెలు ఇలా ఉన్నాయనుకుందాం: 42, 38, 45, 310, 40, 47, 41. నాలుగోది దీపావళి రాత్రి. సగటు తీస్తే 80 దాటుతుంది. ఆ వారంలో ఏ ఒక్క రోజూ 80 దగ్గర్లో లేదు! అవే అంకెల్ని చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చి నడిమిది తీసుకుంటే 42 వస్తుంది. ఆ వారం నిజంగా ఎలా గడిచిందో చెప్పేది అదే. బడిలో డ్రిల్లు మాస్టారు పిల్లల్ని ఎత్తు ప్రకారం నిలబెట్టి మధ్యలో ఉన్నవాణ్ని పిలిచినట్టు. చివరి కుర్రాడు తాడిచెట్టంత పెరిగినా నడిమివాడు మారడు.

మర్నాడు ఈ ఏడు రోజుల కిటికీ ఒక గడి జరుగుతుంది. పాత 42 వెళ్లి కొత్తగా 44 వచ్చిందంటే మధ్యగతం 44. సగటు మాత్రం 80 దగ్గరే ఉండిపోతుంది. ఆ 310 కిటికీలో ఉన్నన్నాళ్లూ గీత మిట్టెక్కి కూర్చుంటుంది, అది బయటికి పోయిన రోజున ఏదో మేలు జరిగినట్టు దభీమని దిగుతుంది. ఆ రోజు గాలిలో ఏ మార్పూ ఉండదు. మధ్యగతం ఇలాంటి లేని కథ చెప్పదు. నిజంగా మార్పొస్తే మాత్రం దాచదు: ఏడింటిలో నాలుగు రోజులు దుమ్ము పెరిగితే నాలుగో రోజున గీత లేస్తుంది, వాలుగా కాక మెట్టులా.

దీన్ని అందరి చేతికీ అందించినవాడు అమెరికా గణాంకవేత్త జాన్ టూకీ. 1977లో వచ్చిన ‘ఎక్స్‌ప్లొరేటరీ డేటా ఎనాలిసిస్’లో, కాగితం మీద పెన్సిల్‌తో మూడేసి అంకెల మధ్యగతాలు తీయడం నేర్పాడు. చివర్ల కోసం ఆయన పెట్టిన నియమం చూడండి. మొదటి రోజుకు ముందు రోజు లేదు కదా! అందుకని నునుపు చేసిన రెండో, మూడో విలువల వాలును వెనక్కి సాగదీసి ఒక అంకె ఊహిస్తాడు. ఆ ఊహ, రెండో విలువ, మొదటి రోజు అసలు కొలత, ఈ మూడింటి మధ్యగతమే తొలి బిందువు. అంచు కుట్టేటప్పుడు కూడా అదే దారం.

గణాంకాలకు వాడే ఆర్ ప్రోగ్రామింగ్ భాషలోని రన్‌మెడ్ ఫంక్షన్‌లో ఈ నియమం నేటికీ ఉంది. అందులో స్టుట్‌స్లే, టర్లాక్ పేర్లతో రెండు పద్ధతులున్నాయి. కిటికీ జరిగిన ప్రతిసారీ అన్నిటినీ మళ్లీ పేర్చరు. వెళ్లినదాన్ని తీసి, వచ్చినదాన్ని దాని చోట పెట్టి, నడిమిదాన్ని సరిచూస్తారు.

చార్టులు గీసే టాబ్లో సాఫ్ట్‌వేర్‌లో రెడీమేడ్‌గా దొరికే కదిలే లెక్కల్లో మొత్తం, సగటు, కనిష్ఠం, గరిష్ఠం ఉంటాయి. మధ్యగతం కావాలంటే విండో మీడియన్ అని సూత్రం మనమే రాయాలి. మైనస్ 6 నుంచి 0 అంటే ఈ రోజుతో కలిపి ఏడు రోజులు. మైనస్ 3 నుంచి 3 అంటే ఈ రోజు నడుమ, అటు మూడు, ఇటు మూడు. ఒక జాగ్రత్త: ఆ లెక్క వరుసల్ని చూస్తుంది, తేదీల్ని కాదు. యంత్రం రెండు రోజులు ఆగి ఆ వరుసలే లేకపోతే, ఏడు వరుసలు తొమ్మిది రోజులవుతాయి. ముందు తేదీలు సరిచూసుకున్నవాడే మంచి పనివాడు.

ఏ కొలతకు వాడకూడదో తెలియడం కూడా పనితనమే. వానకు ఈ పనిముట్టు పనికిరాదు. వారంలో నాలుగు పొడి రోజులుంటే మధ్యగతం సున్నా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరం దాటింది. అలాంటి రోజును పక్కకి నెట్టే గీత, ఎంత నునుపుగా ఉన్నా, మనకు అక్కర్లేదు.

నాకు బాగా నచ్చేది చివరి మెరుగు. అసలు కొలతల్ని లేత చుక్కలుగా ఉంచి, వాటి మీద మధ్యగతం గీతను ముదురుగా గీస్తారు. దీపావళి చుక్క పైన ఒంటరిగా కనిపిస్తూనే ఉంటుంది. గీత దాని కిందుగా, మిగతా ఆరు రోజుల వెంట సాగిపోతుంది. దేన్నీ చెరపలేదు, దేనికీ లొంగలేదు. లెక్కలో ఇంత మర్యాద చూసినప్పుడల్లా నాకు ఆ గీత గీసిన చేతికి దండం పెట్టాలనిపిస్తుంది.