వేలు పట్టేంత సందు

చపాతీ పిండి తగ్గిందని మా ఆవిడ ఇట్టే పసిగట్టింది. దొంగను నేనే. ఆదివారం పొద్దున్నే గిన్నెలోంచి గుప్పెడు ముద్ద తీసి పక్కింటి పెద్దాయన గరాజ్‌కి పట్టుకుపోయాను. అక్కడ ఓ పాత షెవీ నోవా ఇంజన్ నెత్తిన, గుండ్రటి ఎయిర్ క్లీనర్ మూత మీద నాలుగు దిక్కులా నిమ్మకాయంత ఉండలు పెట్టాం. అంటుకోకుండా పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పాం. బానెట్ నెమ్మదిగా మూసి మళ్లీ ఎత్తాం. ఉండ ఎంత మందాన మిగిలితే మూతకీ బానెట్‌కీ మధ్య అంత సందు ఉన్నట్టు. ముందువైపు ముప్పావు అంగుళం ఉంది. వెనకవైపు అరంగుళానికి కాస్త తక్కువ. మామూలుగా ఈ పనికి బొమ్మలు చేసే బంకమట్టి వాడతారు. ఆయన దగ్గరున్నది ఎండి రాయైపోయింది.

డెట్రాయిట్ చుట్టుపక్కల ఉండే తెలుగు ఇంజనీర్లు చాలామందిలాగే నాదీ కంప్యూటర్ మీద కార్ల పని. దాన్ని ప్యాకేజింగ్ అంటారు. కొడుకు ఇంత చదువూ చదివి అట్టపెట్టెలు సర్దుతున్నాడేమోనని మా అమ్మ చాన్నాళ్లు దిగులుపడింది. బానెట్ కింద ఏ వస్తువుకి ఏ వస్తువు ఎంత ఎడంగా ఉండాలో చూడటమే నా పని. రెండు వస్తువులు ఒకదాన్నొకటి తాకితే తెర మీద ఆ చోటు ఎర్రబడుతుంది. పెద్దాయన గరాజ్‌లోనూ ఎర్రబడుతుంది, కాకపోతే నా వేళ్ల కణుపుల మీద.

ఆ నోవా 1972 నాటిది. అమెరికా లెక్కలో అది చిన్న కారు. మన అంబాసిడర్ కంటే చక్రానికీ చక్రానికీ మధ్య పద్నాలుగు అంగుళాలు ఎక్కువ, అయినా వీళ్లకి కాంపాక్టే. పుట్టుకతో వచ్చింది ఆరు సిలిండర్ల ఇంజన్, 250 క్యూబిక్ అంగుళాలది. బడిపంతులుకీ బ్యాంకు గుమాస్తాకీ సరిపోయే ఇంజన్. పెద్దాయన దాన్ని దించేసి, 1970ల నాటి పికప్ బండిలోంచి తీసిన 454 ఎక్కిస్తున్నాడు. అంటే 7.4 లీటర్లు. మనవాళ్లకి ఇలా చెబితే తెలుస్తుంది: అందులో ఎనిమిది సిలిండర్లుంటే, ఒక్కో సిలిండరు 930 సీసీ. మారుతి 800 ఇంజన్ మొత్తం 796 సీసీ. ఒక్క సిలిండర్లో మారుతి పోగా ఇంకా మిగులుతుందన్నమాట.

షెవర్లే ఎనిమిది సిలిండర్ల ఇంజన్లలో రెండు వంశాలున్నాయి. 1955లో వచ్చింది స్మాల్ బ్లాక్, 1965లో వచ్చింది మార్క్ ఫోర్ బిగ్ బ్లాక్. చేతులకి నూనె అంటుకున్నవాళ్లు మొదటిదాన్ని మౌస్ అనీ రెండోదాన్ని ర్యాట్ అనీ పిలుస్తారు. చిట్టెలుక, పందికొక్కు. ఎలుక పట్టే బొరియలో పందికొక్కుని దూర్చడమే ఈ కళ.

నేను మొదటిసారి ఇంజన్ మార్పిడి చూసింది మిషిగన్‌లో కాదు, విజయవాడ ఆటోనగర్లో. మా మేనమామకి అంబాసిడర్ టాక్సీ ఉండేది. పెట్రోలు ఇంజన్ తీయించి డీజిల్ ఇంజన్ వేయించాడు. చైన్ బ్లాకుకి వేలాడుతున్న పాత ఇంజన్ వైపు ఆయన తిరిగి కూడా చూడలేదు. "డీజిలైతే కిరాయిలో నాలుగు రూపాయలు మిగులుద్దిరా అల్లుడూ" అన్నాడంతే. ఊగినా, అరిచినా, ఎత్తు ఎక్కడానికి ఏడ్చినా ఆ బండి మా మామ ఇంటిని నడిపింది. ఇక్కడ గరాజ్‌లో సరంజామా అంతా అదే: గొలుసు, కప్పీ, గ్రీజు, తిట్లు. ఆకలి మాత్రం తిరగబడింది. మామ తాగుడు తగ్గించడానికి మార్చాడు, పెద్దాయన పెంచడానికి మారుస్తున్నాడు. మామ ఉండుంటే ఈయన్ని చూసి ఏమనేవాడో నాకు తెలుసు గానీ పత్రికలో రాయకూడదు.

ఇది పెద్దాయన కనిపెట్టిన పిచ్చి కాదు. 1968 నుంచి 1970 దాకా కంపెనీయే నోవాలో 396 పెట్టి అమ్మింది. అంతకు మించి మాత్రం పోలేదు. చిన్న, మధ్యరకం కార్లలో నాలుగొందల క్యూబిక్ అంగుళాలు దాటకూడదని జనరల్ మోటార్స్ తనకు తాను గీసుకున్న గీత ఒకటుండేది. కంపెనీ ఆగిన చోట డీలర్లు అందుకున్నారు. పెన్సిల్వేనియాలోని కానన్స్‌బర్గ్‌లో డాన్ యెంకో అనే షెవర్లే డీలరు 1969లో ముప్పై చిల్లర నోవాల్లో 427 పెట్టించాడు. డాడ్జ్ వాళ్ల కథా ఇలాంటిదే. షికాగోలో మిస్టర్ నార్మ్‌గా పేరుబడ్డ నార్మన్ క్రాస్ అనే డీలరు, డార్ట్ అనే చిన్న కారులో 383 పట్టించి చూపించాకే కంపెనీ ఒప్పుకుందని చెప్పుకుంటారు. 1969కల్లా అదే డార్ట్‌లో 440 కూడా దూర్చారు. అయితే ఇంజన్ అటూ ఇటూ ఆనుకుపోయి, పవర్ స్టీరింగుకీ పవర్ బ్రేకులకీ జాగా లేకపోయింది. ఏడు లీటర్లు దాటిన ఇంజన్, ఆపడానికి నాలుగు చక్రాలకీ డ్రమ్ములు! అలాంటివి కొన్ని వందలు జనం మీదికి వదిలారు.

యెంకో కథలో నాకు నచ్చే భాగం ఆ తర్వాతిది. 1970లో ఆయన మళ్లీ నోవా తయారుచేశాడు. ఈసారి పందికొక్కు లేదు, 350 చిట్టెలుకే. బీమా కంపెనీలు పెద్ద ఇంజన్ కుర్రాళ్ల ప్రీమియాలు చుక్కలకెక్కించడం ఒక కారణం. కానీ ముక్కు బరువు తగ్గిన ఆ బండి మలుపులు ఎంత తేలిగ్గా తిరిగి ఉంటుందో ఊహించగలను. నేనూ పెద్దాయనతో అదే వాదించాను. స్మాల్ బ్లాక్ దాదాపు యాభై కిలోలు తేలిక, అన్నీ దొరుకుతాయి, స్పార్కు ప్లగ్గులకి చెయ్యి పడుతుంది. ఆయన శ్రద్ధగా విన్నాడు. "నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ రెంచి ఇటివ్వు" అన్నాడు.

ఇంతకీ నోవాలో 454 దించడం కష్టం కాదు. వినడానికి వింతగా ఉంటుంది గానీ, అన్నింటికన్నా తేలికైన భాగం అదే. ఈ కారు ముందు చట్రం షెవర్లే వాళ్లదే కమారో అనే కారుతో పంచుకున్నది, కంపెనీ బిగ్ బ్లాక్ పెట్టి అమ్మిందే. సరైన మౌంట్లు తెచ్చుకుంటే ఓ పూటలో కూర్చుంటుంది. కూర్చున్నాకే అసలు సంగతి మొదలవుతుంది. ఇరుకింట్లోకి భారీ శరీరపు చుట్టం దిగినట్టు, ప్రతివాళ్లూ కాస్త జరగాలి. ఆరు సిలిండర్లకి సరిపోయిన రేడియేటరు చాలదు. ముందు స్ప్రింగులు నూరు కిలోల పైచిలుకు అదనపు బరువుకి కుంగుతాయి. రెండే గేర్ల పవర్‌గ్లైడ్ గేరుబాక్సు పోయి టర్బో 400 వచ్చింది. దాని మౌంటు వెనక్కి ఉంటుంది కాబట్టి అడ్డబద్ద వెనక్కి జరిగింది, డ్రైవ్ షాఫ్టు కోయించి బ్యాలెన్స్ చేయించాల్సి వచ్చింది. వెనక ఇరుసు మారింది. బ్యాటరీ డిక్కీలోకి పోయింది. హీటరు పెట్టె కుడివైపు వాల్వు కవరుకి అడ్డొచ్చింది. "వేసవిలో తప్ప నడపను కదా" అని పెద్దాయన దాన్ని మూలన పడేశాడు. మిషిగన్‌లో హీటరు లేని కారు! బ్రేకుల దగ్గర మాత్రం నేను పట్టుబట్టాను. ఈ రాష్ట్రంలో కార్లకి ఏటా తనిఖీ అంటూ లేదు, అడిగేవాడు లేడు. అందుకే, ముందు డిస్కులు పడేదాకా ఇంజన్ స్టార్ట్ చెయ్యనివ్వనని తాళం నా జేబులో వేసుకున్నాను. ఆయన నవ్వాడు గానీ డిస్కులు కొన్నాడు.

నేను తెలివి తక్కువై దొరికిపోయిన చోటు ఒకటుంది, అది చెప్పాలి. పాత సామాన్ల సంతలో బిగ్ బ్లాక్ డ్యాంపరు ఒకటి చవగ్గా కనిపిస్తే కొనుక్కొచ్చాను. క్రాంక్ షాఫ్టు ముందు కొసన ఉండే బరువైన చక్రం అది. సైజు సరిపోయింది, పట్టూ సరిపోయింది. పెద్దాయన చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి ఒక్కసారి చూసి, బల్ల మీద పెట్టేశాడు. "ఇది 396ది. బిగించి ఉంటే మనింటి కిటికీలన్నీ ఊడేవి" అన్నాడు.

సంగతేమిటంటే 396, 427 క్రాంకులు తమ బరువును లోపలే సరిచూసుకుంటాయి. ఒకవైపు పిస్టన్లు లాగే లాగుడికి రెండోవైపు దిమ్మలు సమాధానం చెబుతాయి. 454లో పిస్టన్ నడక నాలుగంగుళాలకి పెరిగింది. అంత లాగుడికి సరిపడా దిమ్మలు పెట్టాలంటే లోపల జాగా చాలదు. అందుకని మిగిలిన బరువు బయట పెట్టారు, కొంత ముందున్న డ్యాంపరు మీద, కొంత వెనకున్న ఫ్లెక్స్ ప్లేటు మీద, ఒక పక్కకి ఒరిగేలా. ఇంజన్ దింపేటప్పుడు ఆ రెండూ దాని వెంటే రావాలి. తెలియక 396ది తగిలిస్తే బోల్టులన్నీ చక్కగా పడతాయి, ఎక్కడా ఏదీ తాకదు. తిరగడం మొదలయ్యాకే వణుకు పుడుతుంది, ఆ వణుకులో బేరింగులు అరిగిపోతాయి. పాతికేళ్లుగా సందులు కొలుస్తున్నవాణ్ణి నేను. అన్నీ పట్టి, ఏదీ దేనికీ తగలకుండా తప్పు జరగొచ్చని నా తెర ఎప్పుడూ చెప్పలేదు. డ్యాంపరు ఇప్పటికీ నా బల్ల మీదుంది, కాగితాలు ఎగరకుండా.

స్టార్ట్ చేసిన రోజు సంబరమేమీ లేదు. ఆ కాలపు ఇలాంటి ఇంజన్లో క్యామ్ షాఫ్టు కొత్తగా వేసినప్పుడు మొదటి ఇరవై నిమిషాలు ఐడిల్ మీద ఉంచకూడదు. రెండు వేల పైచిలుకు ఆర్‌పీఎం మీద ఆపకుండా తిప్పాలి. అప్పుడే క్యామ్ మొనలకీ లిఫ్టర్లకీ నూనె చిమ్మి, ఒకదానికొకటి అలవాటు పడతాయి. జింకు ఎక్కువున్న నూనె పొయ్యాలి. ఆ ఇరవై నిమిషాలు ఆయన నూనె మీటరు మీంచి చూపు తిప్పలేదు. నేను రేడియేటరు దగ్గర నీళ్ల పైపుతో నిలబడ్డాను. వీధిలో కుక్కలన్నీ మొరిగాయి. ఎదురింటావిడ బయటికొచ్చి, చేతులు కట్టుకుని, ఏమీ అనకుండా లోపలికి పోయింది. ఆపాక మళ్లీ తాళం తిప్పితే మూలిగింది తప్ప లేవలేదు. పొగ గొట్టాల వేడికి పక్కనే ఉన్న స్టార్టరు మోటారు కాలిపోయేంత వేడెక్కింది. దానికీ గొట్టానికీ మధ్య ఉన్నది కూడా ఓ వేలు సందే. రేకు అడ్డం పెట్టాం. కాసేపు చల్లారాక లేచింది.

పిండి కథ అయిపోలేదు. అరంగుళం దగ్గర్లో సందు ఉంది కదా, చాలని నేను. చాలదని ఆయన. ఇంజన్ నిలబడ్డప్పటి కొలత అది, గట్టిగా లాగేటప్పుడు ఇంజన్ నిలబడదు, డ్రైవరు వైపు పైకి లేస్తుందన్నాడు. ఆ లేచే తత్వం ఎలాంటిదో షెవర్లేకి బాగా తెలుసు. 1965 నుంచి 1969 దాకా చేసిన బండ్లలో ఎడమ మౌంటు రబ్బరు తెగి, ఇంజన్ లేచి, ఆక్సిలేటరును తనే లాగేసుకున్న ఘటనలు జరిగాయి. 1971 చివర్లో 67 లక్షల బండ్లను వెనక్కి పిలిచి, ఇంజన్ లేవకుండా పట్టుకోవడానికి ఒక ఉక్కు తాడు కట్టి పంపారు. నోవాలు కూడా అందులో ఉన్నాయి.

అందుకని పిండి మళ్లీ పెట్టాం. ఈసారి ఉండలు పెద్దవి. వీధి చివర ఖాళీ రోడ్డు మీద పెద్దాయన రెండుసార్లు కాలు ఆనించి తొక్కాడు. నా తల సీటుకి అతుక్కుంది. డిస్కులు పట్టాయి. ఇంటికొచ్చి బానెట్ ఎత్తితే, ముందు వాసన వచ్చింది. ప్లాస్టిక్ కాగితం ముడుచుకుపోయింది. కుడివైపు ఉండ ఉన్నట్టే ఉంది. ఎడమవైపుది అప్పడమంత పల్చనై, బానెట్ అడుగున అతుక్కుని, అంచులు ఎర్రగా కాలి ఉంది.

పెద్దాయన గోరుతో గీకి తీశాడు. వెలుతురుకి ఎత్తి చూసి, "ఎడమ మౌంటుకి గొలుసు కట్టాలి" అన్నాడు. వచ్చే ఆదివారం అదే పని. పిండి ఆయన్నే కొనుక్కోమన్నాను.