నెమ్మదించిన తరంగం చెప్పే మాట

మా నందిగాం వైపు నుంచి కనిపించే తూర్పు కనుమలు ఒకప్పుడు అంటార్కిటికాను ఆనుకుని ఉండేవి. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట ఆ రెండు నేలలూ విడిపోయాయి. మధ్యలో తెరుచుకున్న సముద్రంలో లావా పొంగి పొంగి కెర్గెలెన్ పీఠభూమి ఏర్పడింది. ఇప్పుడది దక్షిణ హిందూ మహాసముద్రంలో చాలావరకు నీటి కిందే ఉంది. అంత లావా ఎక్కడి నుంచి వచ్చింది? భూకంప తరంగాలు చదవడం వృత్తిగా పెట్టుకున్న నన్ను ఈ ప్రశ్న ఇప్పటికీ వదలదు.

తవ్వి చూద్దామంటే కుదరదు. మనిషి వేసిన అతి లోతైన బోరు, రష్యాలోని కోలా బోరు, 12 కిలోమీటర్లు దాటి కొంచెమే వెళ్లింది. లావా పుట్టే మాంటిల్, అంటే భూమి పైపెంకు కింది రాతిపొర, దాదాపు 2,900 కిలోమీటర్ల లోతు దాకా ఉంటుంది. అందుకే వింటాం. ఉద్దానంలో పనసకాయను తట్టి, మోతను బట్టి పండిందో లేదో చెబుతారే, మా పనీ అలాంటిదే. ఇక్కడ తట్టేది భూకంపం, వినేది సిస్మోమీటరు. తరంగం వేడిరాతిలో కాస్త ఆలస్యంగా, చల్లని రాతిలో కాస్త ముందుగా నడుస్తుంది. తేడా చాలాచోట్ల నూటికి ఒకటి రెండు వంతులే. వేల తరంగాల రాకపోకల సమయాలు కలిపి లెక్కగడితేనే లోపలి బొమ్మ తేలుతుంది.

ఆ బొమ్మను చదవడంలోనే అసలు పనితనం ఉంది. పసిఫిక్‌లో సాలమన్ దీవుల దగ్గర, కెర్గెలెన్ లాగే లావాతో ఏర్పడిన ఆంటాంగ్ జావా అనే మహా పీఠభూమి ఉంది. దాని కింద దాదాపు 300 కిలోమీటర్ల లోతు దాకా తరంగాలు మందగిస్తున్నాయని 2000లో ఒక పరిశోధన చూపింది. మందగించిందంటే వేడి అనుకోవడం సహజం. కానీ 2003లో మరో పరిశోధన ఇంకో ప్రశ్న వేసింది: ఆ దారిన వచ్చిన తరంగాల బలం ఎంత తగ్గింది? భూకేంద్ర గోళం అంచును తాకి పదేపదే తిరిగొచ్చే తరంగాలను పరిశీలిస్తే, బలం పెద్దగా తగ్గలేదు. వేడిరాయైతే దాన్ని మింగేసేది. కాబట్టి అక్కడ తేడా వేడిది కాదు, రాతి పదార్థానిదే అయ్యుండాలన్నారు.

ఈ ఉదాహరణ నాకు చాలా ఇష్టం. ఒక్క సాక్షి మాటతో తీర్పు చెప్పకూడదని ఈ విద్య నేర్పుతుంది. వేర్వేరు దిక్కుల నుంచి వచ్చే తరంగాల దారులు ఒకదాన్నొకటి దాటని చోట బొమ్మ మసకబారుతుంది. అలాంటి చోట రంగులు పూయకుండా ఖాళీగా వదిలేయడమే నిజాయితీ.

సముద్రాల కింద అలాంటి ఖాళీలు ఇంకా ఎన్నో ఉన్నాయి. సిస్మోమీటర్లు ఎక్కువగా నేల మీదే ఉండటం దీనికి కారణం. ఓడ మీంచి వదిలితే సముద్రపు అడుగున కూర్చుని నెలల తరబడి వినే పరికరాలు వచ్చాయి గానీ, అవి చాలవు, వాటిని చదివేవాళ్లూ చాలరు. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు జియోఫిజిక్స్ నేర్పుతోంది. హైదరాబాదులో 1961 నుంచి జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఉంది. పలాస, టెక్కలి ప్రాంతాల్లో లెక్కలు, ఫిజిక్సు ఇష్టంగా చదివే పిల్లలున్నారు. వాళ్లకు ఈ చదువు ఒకటుందని ఉపాధ్యాయులు చెప్పాలి, తల్లిదండ్రులు పంపాలి.