ఒంటి సిలిండరు బండి

రెండు, నాలుగు సిలిండర్ల యంత్రములు వేగమున దీనిని మించునని యెరిగియు, పలువురు ఒంటి సిలిండరు మోటారుసైకిలునే కోరుకొనుటకు కారణము చౌక యొక్కటే కాదు. తన మర్మమును యజమానికి దాచని యంత్రమది. ఒక పిస్టను, ఒక ప్లగ్గు, ఒక కార్బురేటరు: బండి మొరాయించినచో వెదకవలసిన తావులు వ్రేళ్లపై లెక్కింపదగినవి.

1955లో మద్రాసున నెలకొన్న ఎన్‌ఫీల్డు ఇండియావారు, తొలుత ఇంగ్లండునందలి రెడ్డిచ్చి నుండి భాగములు తెప్పించి కూర్చిన బుల్లెటునే తీసికొందము. 70 మిల్లీమీటర్ల సిలిండరులో పిస్టను నడక 90 మిల్లీమీటర్లు. దానికి బరువైన ఫ్లైవీలు తోడగుటచే, గడ్డిబండి వెనుక నత్తనడక నడచునపుడును ఇంజను తడబడదు.

దానిని లేపుటయు నొక విద్య. కిక్కును మెల్లగా నొక్కగా కాలికి గట్టిగా ఎదురునిలుచు చోటు తగులును; అచట డీకంప్రెసరు మీటను పట్టి, ఆమ్మీటరు ముల్లు నడిమికి వచ్చువరకు జరిపి, మీట విడిచి, కిక్కును పైకి రానిచ్చి, అపుడు నిండుబరువుతో తన్నవలెను. నేనెరిగిన మెకానిక్కొకడు చల్లారిన ఇంజనుకు టాపెట్ల మూత విప్పి, పుష్‌రాడ్డును రెండు వ్రేళ్ల నడుమ త్రిప్పి చూచును. సులువుగా తిరుగుచు, పైకి క్రిందికి ఆడకున్నచో సరి. ఆ వ్రేలికొనల జ్ఞానమునకు నేను నమస్కరింతును.

చేతులు తిమ్మిరెక్కు అదురు కలదు, బోల్టులు తరచు బిగింపవలెను, నాకది భారమనిపింపలేదు. క్రాంకు రెండు చుట్లు తిరిగిన గాని ఒకమారు మంట పుట్టదు గనుక, ప్రతి దెబ్బయు విడివిడిగా వినబడును. బండి సందు మలుపు తిరుగకముందే, వచ్చునది ఎవరో ఇంటిలోనివారు చెప్పగలరు.