జెండా పండగ నాకెందుకు ఇష్టం?

ఒక మాట ఒప్పుకొని మొదలుపెడతాను. నాకు ఆగస్టు పదిహేనంటే ఇష్టం. చిన్నప్పుడూ ఇష్టమే, ఇప్పుడూ ఇష్టమే. ఈ మాట నేను ఏ దళిత సాహిత్య సభలోనూ అనలేదు. అంటే 'ఏం సారూ, గవర్నమెంటు జీతం మాట్లాడిస్తాందా?' అంటారేమోనని భయం. మనం చదివిన కవిత్వం ఈ పండగను అనుమానించడం నేర్పింది. స్వాతంత్ర్యం ఎవరికొచ్చిందని అడగమంది. ఆ ప్రశ్న నాదీ. కానీ ఆ ప్రశ్న అడిగే నోటితోనే జనగణమన పాడుతుంటే నా ఒళ్ళు జలదరిస్తుంది. ఇందులో ఏది అబద్ధం? రెండూ నిజమే అంటాను. ఈ రెండో నిజం మన సాహిత్యంలో ఎందుకు లేదన్నదే ఇక్కడ నా విమర్శ.

మాది బేతంచెర్ల దగ్గర పల్లె. అప్పుడు కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. మా నాయన బండల గనిలో కూలి. అమ్మ కలుపులకు పోయేది. మాదిగ గేరిలో మా ఇంటినుంచి బడికి పోయిన మొదటోణ్ణి, డిగ్రీ చదివిన మొదటోణ్ణి నేనే. 1997లో నాలుగో తరగతి. స్వాతంత్ర్యానికి యాభై ఏళ్ళు, స్వర్ణోత్సవాలు జరపాలన్నారు మా సార్లు. ముందురోజు రాత్రి అమ్మ నాకున్న ఒక్క జత బడిగుడ్డలు ఉతికి, ఇత్తడి చెంబులో నిప్పులేసి ఇస్త్రీ చేసింది. పొద్దున్నే కాళ్ళకు చెప్పుల్లేకుండా, తలకు నూనె కారేటట్లు పూసుకొని పోతిని.

మా ఊళ్ళో పండగలకేం తక్కువ లేదు. దేవర ఉంది, రామనవమి ఉంది, పీర్ల పండగ ఉంది. అన్నిట్లో మేమూ ఉంటాం. మా తప్పెట లేకపోతే దేవర కదలదు, పీర్లు లేవవు. కానీ తప్పెట కొట్టేవానికి చోటు ముందే గీసి ఉంటుంది. గుడి అరుగు అవతల, గుండం ఆ పక్క. జెండా పండగకు మా తప్పెట అక్కర్లేదు. హాజరు పట్టీలో నా పేరుంటే చాలు. మమ్మల్ని ఎత్తును బట్టి వరసలో నిలబెట్టినారు. నా ముందర ఊరి పెద్దింటి పిల్లోడు. వాని వీపు నా ముక్కుకు జానెడు దూరం. ఊరి టీ హోటల్లో మాకు వేరే గ్లాసులుండే రోజులవి. ఆ పొద్దు బొరుగులు, పుట్నాలు, ఒక నిమ్మబిళ్ళ అందరికీ ఒకే గంపలోంచి ఇచ్చినారు. పైనుంచి నా దోసిట్లోకి జారవిడవలేదు. చేతిలో పెట్టినారు. చేయి చేయి తగిలింది. నాకు స్వాతంత్ర్యం అంటే ఇప్పటికీ గుర్తొచ్చేది ఆ తగులుడే.

అంతా తీపేనని చెప్తే అబద్ధమౌతుంది. అదే పొద్దు నాటకం వేసినాం. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో కుంఫిణీవాళ్ళు ఉరి తీసిన రేనాటి వీరుడు. కత్తి నేను పట్టుకుంటానని అడిగితిని. కత్తి పెద్దింటి పిల్లోనికి పోయింది. నాకు దక్కింది మొదటి తూటాకే పడిపోయే బంటు వేషం. నాటకం అయ్యేదాకా కండ్లు మూసుకొని ఎండలో పడుకుంటిని. నరసింహారెడ్డి వెంట నిలబడిన వడ్డె ఓబన్న పేరే ఆ నాటకంలో లేదు. మరి భారతమాత ఎవరింటి పిల్లో వేరే చెప్పాలా? ఐనా ఇంటికి ఎగురుకుంటూనే పోతిని. జేజి అడిగింది, 'ఏమిరా అంత సంబరం, ఏమిచ్చినార్రా?' బొరుగులు చూపిస్తిని. అంతకన్నా చెప్పడానికి నాకప్పుడు మాటల్లేవు.

ఆ యాభయ్యో ఏడు దేశంలో ఇంకేం జరిగిందో తర్వాత చదువుకున్నాను. జులై 11న బొంబాయి ఘాట్కోపర్ రమాబాయి నగర్లో అంబేద్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేశారని నిరసన చేసిన జనం మీద పోలీసులు కాల్చారు. పదిమంది చనిపోయారు. రెండు వారాలకు, జులై 25న, కె.ఆర్. నారాయణన్ రాష్ట్రపతి అయ్యాడు. మొదటి దళిత రాష్ట్రపతి. ఒకే నెలలో తూటా, పదవి. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో చెప్పలేని సాహిత్యం మన బతుకును సగమే చెప్తుంది.

ఇప్పుడు సాహిత్యంలోకి వస్తాను. 1920ల్లో గరిమెళ్ళ సత్యనారాయణ 'మాకొద్దీ తెల్లదొరతనము' అని రాసి జైలుకు పోయాడు. దానికి ఎదురుగా రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' అన్నాడు. తెల్లోడు పోయాక మా మీద దొర ఎవరు అన్నది ఆయన ప్రశ్న. స్వాతంత్ర్యం రాకముందే వచ్చిన ప్రశ్న ఇది. మొదటి పాటను నేను బడిలో విన్నాను. రెండోది ఉందని డిగ్రీ అయ్యాక తెలిసింది. ఈ దాచిపెట్టుడు మీద మనవాళ్ళు చాలా రాశారు, ఇంకా రాయాలి.

డిగ్రీ రోజుల్లో కర్నూల్లో ఒక మిత్రుడు 'చిక్కనవుతున్న పాట' జిరాక్సు ఇచ్చాడు. 1995లో వచ్చిన సంకలనం. 1985 జులై 17 కారంచేడు, 1991 ఆగస్టు 6 చుండూరు, ఈ నెత్తురు తర్వాత వచ్చిన కవిత్వం. చుండూరులో ఎనిమిది మందిని చంపిన తొమ్మిదో రోజుకే ఆగస్టు పదిహేను. ఆ జెండా కింద నిలబడి సంతోషించమని ఎవర్నైనా అడగ్గలమా? ఆ కవిత్వం నా వెన్నెముక. దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ దాన్ని చదివినాక నేను 1997 నాటి పిల్లోణ్ణి చూసి సిగ్గుపడ్డాను. 'వాడు మోసపోయినాడు, బొరుగులకు అమ్ముడుపోయినాడు' అనుకున్నాను. చాలా ఏండ్లు అట్లనే అనుకున్నాను.

టీచరు ఉద్యోగం వచ్చి, ప్రతి యేడూ మైకు పట్టుకొని వరసలు నిలబెట్టడం మొదలుపెట్టాక ఆ సిగ్గు తప్పని తెలిసింది. ఇది బూటకపు స్వాతంత్ర్యం అని ముందు గట్టిగా అన్నవాళ్ళలో చాలామంది అగ్రకులాల విప్లవకారులు. వాళ్ళు అన్న దాంట్లో నిజముంది. ఐతే వాళ్ళ ఇళ్ళల్లో ఉగాది, సంక్రాంతి, దసరా, గుడి, పెండ్లి పందిరి అన్నీ ఉన్నాయి. పది పండగలున్నోడికి ఒక పండగను కాదనడం సులువు. వాడ పిల్లోడికి అడగకుండా నిలబడే చోటున్న పండగ ఇదొక్కటే. ఆ ఒక్కదాన్నీ వద్దను అంటే ఎట్లా? మనం ఆ నినాదాన్ని తీసుకున్నాం గానీ, మన కాళ్ళ కింది నేలతో సరిచూసుకోలేదు.

ఇందులో మనకు దారి చూపినవాడు జాషువా అని నా అభిప్రాయం. 1941 నాటి 'గబ్బిలం'లో అరుంధతీసుతుడు కాశీ విశ్వనాథుడికి తన బాధ చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గుడిలోకి తను పోలేడు, అది పోగలదు. ఐతే ఆ గబ్బిలం పోయే దారిలో జాషువా దేశాన్ని ప్రేమగా చూపిస్తాడు. ఆకలితో ఉన్నవాడు, వెలివేయబడినవాడు ఈ ఊళ్ళు, ఈ నదులు నావి అన్నట్టు మాట్లాడతాడు. ఫిర్యాదు, ప్రేమ ఒకే ప్రయాణంలో పోతాయి. విమర్శకులు కొందరు ఫిర్యాదును తీసుకున్నారు, కొందరు దేశభక్తిని తీసుకున్నారు. నాది అనుకున్నవాడే కదా వాటా అడిగేది?

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ చేసిన హెచ్చరిక మీకు తెలుసు. 1950 జనవరి 26న మనం వైరుధ్యాల్లోకి అడుగుపెడుతున్నాం, రాజకీయాల్లో సమానత్వం ఉంటుంది, సామాజిక, ఆర్థిక జీవితంలో ఉండదు అన్నాడు. ఆ మాట బయట నిలబడి అన్నది కాదు. తన చేత్తో ముసాయిదా రాసిన సభలో నిలబడి అన్నాడు. అంతకు దాదాపు వందేళ్ళ ముందు, 1852లో, అమెరికాలో బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్‌ను స్వాతంత్ర్య దినోత్సవ ఉపన్యాసానికి పిలిచారు. జులై 4 వాళ్ళ పండగ. ఆయన 5న రోచెస్టర్లో మాట్లాడాడు. ఈ పండగ మీది, నాది కాదు, బానిసకు ఇది మీ అన్యాయాన్ని గుర్తుచేసే రోజు అని మొహం మీదే చెప్పాడు. చివరికొచ్చేసరికి అదే దేశపు రాజ్యాంగాన్ని బానిసత్వానికి వ్యతిరేకంగా వాడుకోవచ్చు అన్నాడు. పిలుపు తోసేయలేదు, నోరూ మూసుకోలేదు. నేను మూసుకున్నాను. అది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

2022. డెబ్భై అయిదేళ్ళు. అప్పటికి నేను కడప జిల్లాలో, ఎర్రగుంట్ల వైపు ఒక హైస్కూల్లో పనిచేస్తున్నా. ఇక్కడా బండల గనులే, మా నాయన చేతులు తెలిసిన రాయే. ఆగస్టు 13 నుంచి 15 దాకా ఇంటింటికీ జెండా. రాత్రిపూట కూడా ఉంచొచ్చని జులైలోనే నిబంధన మార్చారు. పొద్దుగూకే లోపల దించాలని మాకు నేర్పినవాళ్ళం, మళ్ళీ నేర్చుకున్నాం. ఎనిమిదో తరగతి పిల్ల అడిగింది, 'సార్, మాది రేకుల ఇల్లు, యాడ కట్టల్ల?' మునగచెట్టుకు కట్టుకుంది. టాగూరు 1919లో మన సీమలోని మదనపల్లెలోనే జనగణమనను ఇంగ్లీషు చేశాడని చెప్తే ఆ పిల్లల మొహాలు వెలిగిపోయాయి. నాకూ సంబరమే.

పద్నాలుగో తేదీ రాత్రి ఫోనులో వార్త చదివాను. రాజస్థాన్ జాలోర్ జిల్లాలో తొమ్మిదేళ్ళ దళిత పిల్లోడు టీచరు కొట్టాక మూడు వారాలకు పైగా ఆసుపత్రుల చుట్టూ తిరిగి 13న చనిపోయాడు. టీచరు కోసం పెట్టిన కుండలో నీళ్ళు తాగినందుకే కొట్టారని కుటుంబం చెప్పింది. నేనూ టీచర్నే. నిద్ర పట్టలేదు. ఐనా పొద్దున్నే ఇస్త్రీ గుడ్డలేసుకొని పోయాను.

మా బడి తల్లిదండ్రుల కమిటీ ఛైర్మన్ ఒక అమ్మ. మాలగేరి మనిషి, బండల పాలిష్ ఫ్యాక్టరీలో కూలి. జెండా తాడు ఆమె చేతికివ్వాలని ముందురోజే అనుకున్నాం. కొత్త చీర కట్టుకొని వచ్చింది. అంతలో మిఠాయిలకు చందా ఇచ్చిన ఊరి పెద్ద వచ్చాడు. 'అన్నా, మీరు రాండి' అని తాడు ఆయన చేతిలో పెట్టారు. ఆమె రెండడుగులు వెనక్కి జరిగింది. మైకు నా చేతిలోనే ఉంది. ఒక్క మాట అంటే చాలు. పండగ పూట ఎందుకులే అనుకున్నాను. జనగణమన మొదలైంది. నేను గొంతెత్తి పాడాను. కండ్లలో నీళ్ళు తిరిగాయి. ఆ సంతోషం నిజమైంది, ఆ పిరికితనమూ నిజమైందే. తర్వాత ఆమె దగ్గరికి పోతే, 'ఏంగాదులే నాయనా, పాట బాగ పాడించినావు' అనింది. తిట్టింటే బాగుండు.

1997లో బంటు వేషమేసి కండ్లు మూసుకున్నోణ్ణి, 2022లో మైకు పట్టుకొని మూసుకున్నాను. అప్పుడు వేషం వేరేవాళ్ళిచ్చారు. ఇప్పుడు నేనే వేసుకున్నాను.

ఆ తర్వాత స్టాఫ్ మీటింగులో మాట్లాడాను. కొంచెం గొడవైంది, ఇద్దరు మాటలు బంద్ చేశారు. 2023 జనవరి 26న తాడు ఆమె చేతికొచ్చింది. ముందురోజు సాయంత్రం అడిగింది, 'ఎంత గట్టిగ లాగల్ల నాయనా?' లాగింది. బంతిపూల రెక్కలు ఆమె తలమీద రాలాయి. మరుసటి రోజు మళ్ళీ ఫ్యాక్టరీకి పోయింది. కూలి పెరగలేదు. పెరిగిందని నేను రాయను.

విద్యార్థులకు, ఉద్యమ మిత్రులకు నా మనవి ఇది. దేశభక్తి గేయంలో తాడు ఎవరి చేతిలో ఉందో కనిపించదు. మన ధిక్కార కవిత్వంలో వరసలో నిలబడ్డ పిల్లోని సంతోషం కనిపించదు. ఈ రెండూ కలిపి రాయండి. సంతోషించినందుకు సిగ్గుపడొద్దు. ఐతే ఆ సంతోషం మీ నోరు మూయిస్తుంటే మాత్రం పాట మధ్యలోనైనా ఆపి, తాడు ఎవరిదని అడగండి. నేను ఆలస్యంగా అడిగాను.