రూజ్‌వెల్ట్ ఇవ్వని హామీ

1933 మార్చి 4న ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేసేసరికి జనం డబ్బు వెనక్కి తీసుకోవడానికి బ్యాంకుల ముందు బారులు తీరి ఉన్నారు. ఎన్నికల్లో ఆయన దేశానికి ‘న్యూ డీల్’ ఇస్తానన్నారు. మూతపడ్డ బ్యాంకుల్ని ఎలా తెరవాలో ఆ నినాదంలో లేదు.

మార్చి 6న దేశమంతటా బ్యాంకులకు సెలవిచ్చారు. 9న అత్యవసర బ్యాంకింగ్ చట్టం ఒక్కరోజులోనే ఉభయ సభలూ దాటింది. దాని ముసాయిదాకు పనిచేసినవాళ్లలో, ఎన్నికల్లో ఓడిపోయిన అధ్యక్షుడు హూవర్ హయాంలోని ఆర్థర్ బాలంటైన్, ఆగ్డెన్ మిల్స్ లాంటి ట్రెజరీ పెద్దలున్నారు. పదవి చేపట్టిన వారంలోనే ప్రత్యర్థి మనుషుల చేత పని చేయించుకోగలగడం చిన్న విషయం కాదు.

అసలు పనితనం 12వ తేదీ ఆదివారం రాత్రి రేడియోలో వినిపించింది. పావుగంటైనా పట్టని ప్రసంగం. మీరు దాచుకున్న డబ్బు బ్యాంకు పెట్టెలో అలాగే ఉండదు, అప్పులుగా, పెట్టుబడులుగా తిరుగుతుంటుంది అని మొదలుపెట్టారు. అందరూ ఒక్కసారే అడిగితే గట్టి బ్యాంకు కూడా ఇవ్వలేదని అక్కడే తెలిసిపోతుంది. ఆ తర్వాత వరుస చెప్పారు: సోమవారం ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులున్న 12 నగరాలు, మంగళవారం క్లియరింగ్ హౌస్‌లున్న ఊళ్లు, బుధవారం నుంచి మిగతావి. వెంటనే, మీ బ్యాంకు మొదటిరోజు తెరవలేదంటే ఇక తెరవదని అనుకోవద్దన్నారు. ఎంత ముందుచూపు! ఆ ఒక్క మాట లేకపోతే సోమవారం తెరవని ప్రతి బ్యాంకూ దివాలా తీసిందనే పుకారు పుట్టేది.

నేను మళ్లీ మళ్లీ చదివే చోటు చివర్లో ఉంది. ప్రతి బ్యాంకూ తెరుచుకుంటుందని గానీ, ఎవరికీ నష్టం రాదని గానీ మాటివ్వనన్నారు. ఈ మాట మొదట్లోనే అని ఉంటే జనం బెదిరిపోయేవారు. అంతా విడమరిచి చెప్పాక అన్నారు కాబట్టి నమ్మారు. మర్నాడు తెరిచిన బ్యాంకుల్లో తీసుకున్నవాళ్ల కంటే వేసినవాళ్లే ఎక్కువ. 15న స్టాక్ మార్కెట్ తెరిస్తే డౌ జోన్స్ సూచీ 15 శాతం పైగా ఎగిసింది.

అన్ని హామీలూ ఇంత నేర్పుగా నెరవేరలేదు. ప్రభుత్వ ఖర్చు 25 శాతం తగ్గిస్తానని ఎన్నికల ప్రచారంలో పిట్స్‌బర్గ్‌లో చెప్పిన మాట సహాయ పథకాల ఖర్చు ముందు నిలవలేదు.

ఇక ఆ రాత్రి ఇవ్వని హామీ సంగతి. డిపాజిట్లకు బీమా ఆయనకు మొదట ఇష్టం లేదు. కాంగ్రెస్ పట్టుబట్టి దాన్ని జూన్‌లో బ్యాంకింగ్ చట్టంలో పెట్టింది. 16న ఆయన సంతకం చేశారు. 1934 జనవరి 1 నుంచి 2,500 డాలర్ల వరకూ డిపాజిట్లకు భరోసా వచ్చింది.